పని పేర్లు, పదవి పేర్లు

(భద్రిరాజు కృష్ణమూర్తిగారి స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)



ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి పేరున మాట్లాడమని పిలవడం భాషాశాస్త్రం చదువుకున్న ఏ తెలుగువాడికైనా పెద్ద గౌరవం. తెలుగు ధాతువుల మీద 1961లో వచ్చిన ఆయన గ్రంథం మా తరానికి ఒక పద్ధతి నేర్పింది. మాటకు ఇవాళ్టి అర్థం చెప్పి ఊరుకుంటే చాలదు. ఏ ధ్వని ఏ నియమం ప్రకారం మారిందో, ఏ కాలంలో ఎవరి నోట పడి ఇక్కడిదాకా వచ్చిందో చూపించాలి. ఆ పద్ధతిలోనే ఇవాళ ఇంగ్లీషు చర్చి పదవుల పేర్లు పరిశీలిద్దామనుకున్నాను. బిషప్, ప్రీస్ట్, డీకన్, పోప్, మాంక్, క్లర్జీ: ఇవన్నీ గ్రీకు గడప దాటి వచ్చినవే.

నేను చెప్పదలచుకున్నది ముందే చెబుతాను. వీటిలో ముఖ్యమైన మొదటి మూడూ గుడిలో పుట్టలేదు. గ్రీకువాళ్ల కచేరీల్లో, ఊరి పంచాయితీల్లో, భోజనాల బల్లల దగ్గర పుట్టిన పని పేర్లవి. తొలి క్రైస్తవులు వాటిని తెలిసే ఎంచుకున్నారని నా నమ్మకం. లాటిన్, దాని వెనక ఇంగ్లీషు, ఆ పేర్లను అనువదించుకోకుండా అరువు తెచ్చుకున్నాయి. దాంతో లోపలి పని వినిపించడం మానేసింది. పదవి మిగిలింది.

బిషప్‌తో మొదలుపెడదాం. గ్రీకులో ఎపిస్కొపొస్. ఎపి అంటే మీద, స్కొపొస్ అంటే చూసేవాడు. ఇలియడ్‌లో రెండు చోట్లు చూస్తే ఈ మాట రెండు రకాలుగా కనిపిస్తుంది. ట్రాయ్ నగరాన్ని కాచిన హెక్టర్ చనిపోయినప్పుడు భార్య అతణ్ణి ఈ మాటతో తలుచుకుని ఏడుస్తుంది. చీకట్లో ఓడల మీద నిఘాకు వస్తున్న వేగులవాణ్ణి పసిగట్టినప్పుడూ ఇదే మాట. కాపలా కాసేదీ కళ్లతోనే, కూపీ లాగేదీ కళ్లతోనే. క్రీ.పూ. 5వ శతాబ్దానికి ఇది ఉద్యోగం పేరైంది. తన పెత్తనం కింద ఉన్న నగరాలకు ఏథెన్స్ పంపే తనిఖీ అధికారి ఎపిస్కొపొస్. ఎరిత్రాయ్ నగరం విషయమై ఏథెన్స్ వేయించిన శాసనంలో ఈ అధికారుల ప్రస్తావన ఉంది. క్రీ.పూ. 414లో ఆడిన అరిస్టోఫేనిస్ నాటకం ‘పక్షులు’లో అలాంటి అధికారి ఒకడు, పక్షులు కొత్తగా కట్టుకున్న నగరానికి ఓట్ల కుండలు పట్టుకుని దిగుతాడు. దెబ్బలు తిని వెళ్తాడు. ఏథెన్స్ జనానికి ఆ ఉద్యోగి ఎంత బాగా తెలుసో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఆ స్కొపొస్‌లోని ధాతువు మనకు పరాయిది కాదు. ఇండో-యూరోపియన్ మూలంలో అది ‘స్పెక్’. గ్రీకులో ప, క చోట్లు మార్చుకున్నాయి. తమిళంలో ఉరల్ అనేది మనకు రోలు కావడంలో కూడా ధ్వనులు చోటు మారాయి. ద్రావిడ భాషల్లో ఆ మార్పు నియమాలను కృష్ణమూర్తిగారు ఎంత ఓపికగా తేల్చారో ఈ సభలో చాలామందికి తెలుసు. సంస్కృతంలో అదే ధాతువు స్పశ్, పశ్. పశ్యతి అంటే చూస్తున్నాడు, స్పశుడు అంటే వేగు, స్పష్టం అంటే కంటికి ఆనేది. లాటిన్ దారిన అదే ధాతువు నుంచి మన పోలీస్‌స్టేషన్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ‘స్పష్టంగా చెప్పు’ అని మనం అన్నప్పుడు బిషప్ పేరులోని సగం పలుకుతున్నాం.

కొత్త నిబంధనలో ఈ మాట ఎలా వాడారో జాగ్రత్తగా చూడాలి. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో పౌలు ఎఫెసు సంఘపు ప్రెస్బుతెరొస్‌లను, అంటే పెద్దలను, పిలిపిస్తాడు. పది వాక్యాలు దాటాక వాళ్లనే ఎపిస్కొపొస్‌లు అంటాడు. తీతుకు రాసిన పత్రిక మొదటి అధ్యాయంలోనూ అంతే. పెద్దలను నియమించమని చెబుతూ, రెండు వాక్యాల తర్వాత అదే మనిషిని ఎపిస్కొపొస్ అంటుంది. అంటే అప్పటికి ఇవి రెండు మెట్లు కావు. ఒకటి వయసును బట్టి, గౌరవాన్ని బట్టి వచ్చిన పేరు. రెండోది చేసే పనిని బట్టి వచ్చిన పేరు. మెట్లు తర్వాత వచ్చాయి.

రోమ్ క్రైస్తవం తొలి కాలంలో గ్రీకే మాట్లాడింది. పౌలు రోమీయులకు రాసిన పత్రిక గ్రీకులోనే ఉంది. లాటిన్‌కు మళ్లే వేళకు పొంతిఫెక్స్, ఫ్లామెన్ లాంటి దేశీయమైన పేర్లు ఉన్నాయిగాని అవి పాత దేవతల పూజారులవి. వాటిని తాకడం ఇష్టంలేక గ్రీకు మాటలకే లాటిన్ తొడుగు వేసి ఎపిస్కొపుస్, ప్రెస్బితెర్, దియాకొనుస్ అన్నారు. ఉద్దేశం మంచిదే. ఫలితం మాత్రం వేరుగా వచ్చింది. 5వ శతాబ్దంలో హిప్పో బిషప్ అగస్టీన్ ‘దేవుని నగరం’ 19వ భాగంలో ఈ పేరు దగ్గర ఆగి వివరం చెప్పాల్సి వచ్చింది. ఇది గ్రీకు మాట అని, కిందివాళ్ల బాగోగులు పైనుంచి చూడటం దీని అర్థమని, ఇది పని పేరేగాని గౌరవం పేరు కాదని, పెత్తనం కోరుకుని మేలు చేయనివాడు బిషప్ కాడని ఆయన తేల్చి చెప్పాడు. తన పదవి పేరును తానే విప్పి చెప్పుకోవాల్సి వచ్చిందంటే, అప్పటికే వినేవాళ్ల చెవికి లోపలి అర్థం అందడం లేదన్నమాట.

597లో పోప్ గ్రెగరీ పంపిన సన్యాసులు ఇంగ్లండులోని కెంట్ తీరంలో దిగారు. వాళ్ల నాయకుడి పేరు కూడా అగస్టీనే, ఇతను వేరు. ఎపిస్కొపుస్ మాట జనం నోట్లో మొదటి అచ్చు పోగొట్టుకుంది, ప కాస్తా బ అయింది. బిస్కొప్‌గా పాత ఇంగ్లీషులో చేరాక అందులోని స్క క్రమంగా ష అయింది. అదీ బిషప్. అదే మాట ఇటలీలో వెస్కొవొ, స్పెయిన్‌లో ఒబిస్పొ, ఫ్రాన్సులో ఎవెక్. ఇంగ్లీషు రాత ప్రకారం బిషప్‌కూ ఫ్రెంచి రాత ప్రకారం ఎవెక్‌కూ ఉమ్మడి అక్షరం ఒక్కటి లేదు. అయినా ఒక తల్లి బిడ్డలే. ఇంగ్లీషులో ఈ పేర్లన్నీ రెండుసార్లు దిగుమతి అయ్యాయి. మొదటిసారి జనం నోట అరిగి బిషప్, ప్రీస్ట్ అయ్యాయి. రెండోసారి పండితుల కలం మీద అరగకుండా వచ్చి ఎపిస్కోపల్, ప్రెస్బిటేరియన్ అయ్యాయి. బిషప్‌కూ ఎపిస్కోపల్‌కూ బంధుత్వం ఉందని మామూలు ఇంగ్లీషు పాఠకుడికి చెబితేగాని తెలియదు.

ఇక ప్రీస్ట్. ఇవాళ నన్ను ఎక్కువసేపు ఆపేది ఈ మాటే.

గ్రీకులో ప్రెస్బుస్ అంటే ముసలివాడు, ప్రెస్బుతెరొస్ అంటే అతనికన్నా పెద్ద. మనం చత్వారం అనే దానికి కంటి వైద్యులు ప్రెస్బయోపియా అంటారు, అందులో ఉన్నది ఈ ముసలితనమే. ఈజిప్టు గ్రామాల నుంచి దొరికిన పపైరస్ కాగితాల్లో ఊరి ప్రెస్బుతెరొస్‌లు, రైతుల ప్రెస్బుతెరొస్‌లు తరచుగా కనిపిస్తారు. శిస్తు వ్యవహారాలకు, ఊరి తగవులకు జవాబుదారీగా నిలబడే పెద్దమనుషులు వాళ్లు. యూదుల సమాజ మందిరాల్లోనూ పెద్దలకు ఇదే పేరు. బలి ఇచ్చే పూజారికి గ్రీకులో వేరే మాట ఉంది, హియెరెవుస్. యెరూషలేము ఆలయ యాజకులకూ, జ్యూస్ గుడి పూజారులకూ వాడేది దాన్నే. కొత్త నిబంధన క్రీస్తును ప్రధాన హియెరెవుస్ అంటుంది, విశ్వాసులందరినీ కలిపి ఆ సమూహమంటుంది. సంఘంలో పనిచేసే ఏ ఒక్క మనిషినీ విడిగా ఆ పేరుతో పిలవదు. చేతికందే దూరంలో ఉన్న మాటను ఇంత క్రమశిక్షణతో పక్కన పెట్టడం యాదృచ్ఛికం అని నేను ఒప్పుకోలేను.

ఇంగ్లీషులో జరిగింది దీనికి సరిగ్గా ఎదురు. ప్రెస్బితెర్ అరిగి పాత ఇంగ్లీషులో ప్రెఓస్ట్, తర్వాత ప్రీస్ట్ అయింది. ఈ లోపల పాత నిబంధన అహరోను వంశపు బలి యాజకుడికి కూడా ఇంగ్లీషు అదే ప్రీస్ట్ మాట వాడింది. ఊరి పెద్దమనిషి, బలిపీఠం దగ్గరి యాజకుడు ఒకే పేరులో కలిసిపోయారు. గ్రీకు విడదీసి ఉంచిన రెండు మాటలకు ఇంగ్లీషులో ఒకటే మిగిలింది. దీని మూలంగా తర్వాత ఎన్ని వాదాలు, ఎంత నెత్తురు!

విలియం టిండేల్ 1526లో జర్మనీలోని వర్మ్స్ నగరంలో ఇంగ్లీషు కొత్త నిబంధన అచ్చు వేయించాడు. గ్రీకు మూలం ముందు పెట్టుకుని ఇంగ్లీషు చేసిన మొదటి అచ్చు పుస్తకం అది. ప్రెస్బుతెరొస్ వచ్చిన చోట ప్రీస్ట్ అనకుండా సీనియర్ అని రాశాడు. ఎక్లేసియా వచ్చిన చోట చర్చ్ అనకుండా కాంగ్రిగేషన్ అన్నాడు. సర్ థామస్ మోర్ 1529లో పెద్ద గ్రంథమే రాసి, ముఖ్యంగా మూడు మాటల మీద ధ్వజమెత్తాడు. వాటిలో రెండు ఇవే, మూడోది ప్రేమకు సంబంధించినది. మోర్ వాదనలో బలం లేదని అనను. వెయ్యేళ్లుగా జనం మన్నించే పేరు తీసేస్తే, ఆ పేరు మోసే వ్యవస్థే కదిలిపోతుందని అతను సరిగ్గానే పసిగట్టాడు. సీనియర్ అనేది మంచి ఇంగ్లీషు కాదన్న మాట టిండేల్ ఒప్పుకుని, 1534 కూర్పులో దాన్ని ఎల్డర్‌గా మార్చాడు. ప్రీస్ట్‌కు మాత్రం తిరిగి వెళ్లలేదు. గ్రీకులో ఉన్నది పెద్దమనిషి, పూజారి కాదు అన్న దగ్గర అతను కదలలేదు. మోర్ తల 1535లో రాజాజ్ఞ మీద తెగింది. టిండేల్‌ను 1536లో బ్రసెల్స్ దగ్గరి విల్వోర్డ్‌లో గొంతు నులిమి చంపి శవాన్ని కాల్చారు. ఎదురెదురు నిలబడిన ఇద్దరూ తమ తమ నమ్మకానికి ప్రాణాలిచ్చారు. ఇద్దరికీ నమస్కరిస్తాను. అర్థం విషయంలో మాత్రం నేను టిండేల్ పక్షం.

జేమ్స్ రాజు 1604లో కొత్త అనువాదం తలపెట్టినప్పుడు అనువాదకులకు నియమాలు ఇచ్చారు. పాత చర్చి మాటలు మార్చకూడదని, ముఖ్యంగా చర్చ్‌ను కాంగ్రిగేషన్ చేయకూడదని మూడో నియమం. 1611లో వచ్చిన ఆ బైబిలు ఇంగ్లీషు వచనానికే తలమానికం. అయినా అందులో జరిగింది చూడండి. ఎపిస్కొపొస్ మిగతా చోట్ల బిషప్, ఎఫెసు పెద్దల దగ్గర మాత్రం ఓవర్‌సీయర్. పెద్దలూ బిషప్పులూ ఒక్కరే అని ఆ చోట తెలిసే అవకాశం ఆ ఒక్క మార్పుతో పాఠకుడికి పోయింది.

డీకన్ దగ్గర జరిగిన అన్యాయం ఇంతకన్నా నొప్పి కలిగిస్తుంది. దియాకొనొస్ అంటే పనివాడు, వడ్డించేవాడు. కానా ఊరి పెళ్లిలో బానల్లో నీళ్లు నింపిన పనివాళ్లకు యోహాను సువార్త వాడిన మాట ఇదే. యెరూషలేములో రోజూ జరిగే భోజనాల పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు సరిగా అందడం లేదని ఫిర్యాదు వచ్చినప్పుడు, బల్లల దగ్గర ఆ పని చూసుకోవడానికి ఏడుగురిని ఎన్నుకున్నారు. ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెట్టడం దగ్గర మొదలైన బాధ్యత అది. రోమీయులకు రాసిన పత్రిక 16వ అధ్యాయంలో పౌలు ఫీబే అనే ఆవిడను పరిచయం చేస్తాడు. కొరింథు రేవు కెంక్రేయ సంఘానికి ఆవిడ దియాకొనొస్. ఫిలిప్పీ సంఘంలో మగవాళ్లకు పౌలు వాడిందీ అదే మాట. 1611 బైబిలులో మగవాళ్లు డీకన్లయ్యారు, ఫీబే సర్వెంట్ అయింది. క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియా గవర్నర్ ప్లినీ ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, క్రైస్తవుల సంగతి రాబట్టడానికి ఇద్దరు దాసీలను హింసపెట్టి విచారించానని, వాళ్లను వాళ్ల జనం మినిస్త్రే అంటారని రాశాడు. దియాకొనొస్‌కు సరితూగే లాటిన్ మాట అది. సంఘ చరిత్రలో ఈ బాధ్యత మోసినట్టు బయటివాడి సాక్ష్యం దొరికిన తొలి మనుషుల్లో ఈ ఇద్దరు బానిస స్త్రీలున్నారు. వాళ్ల పేర్లు ప్లినీ రాయలేదు.

మిగతా పేర్ల మీదుగా త్వరగా వెళ్తాను. పోప్ అనేది పిల్లలు తండ్రిని పిలిచే పప్పాస్. రోమ్ కన్నా ముందు అలెగ్జాండ్రియా బిషప్‌కు ఈ పిలుపు ఉండేది. క్లేరొస్ అంటే చీటీ వేస్తే వచ్చే వంతు. దాని నుంచి క్లర్జీ వచ్చింది, చదువూ రాతా వచ్చినవాళ్లు వాళ్లే గనక క్లర్కు కూడా వచ్చాడు. మాంక్ మొనఖొస్ నుంచి, ఒంటరివాడని. ఎడారి మునిని సూచించే ఆంకరైట్ వెనక అనఖోరేసిస్ ఉంది. శిస్తు కట్టలేని ఈజిప్టు రైతు ఊరు విడిచి పారిపోవడాన్ని కూడా ఆ మాటతోనే చెప్పేవారు. చర్చ్ అన్న మాట కూరియకొన్ నుంచి వచ్చింది, ప్రభువుది అని. సంఘానికి కొత్త నిబంధన వాడిన ఎక్లేసియా మాత్రం ఏథెన్స్ పౌరుల సభ పేరు.

కథెద్ర అంటే కుర్చీ. బిషప్ కుర్చీ ఉన్న గుడి కెథడ్రల్. దీనికి మన మెదక్ కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1924 డిసెంబరు 25న ఆరాధనకు తెరిచిన ఆ గుడిని కట్టించింది వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్. బ్రిటిష్ మెథడిస్టులకు బిషప్పులు లేరు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, మెదక్ బిషప్ పీఠం అయ్యాకే దానికి కెథడ్రల్ అన్న పేరు న్యాయంగా దక్కింది. రాయి మారలేదు, గోపురం మారలేదు, కుర్చీ వచ్చింది.

ఆ 1947 సెప్టెంబరు 27న మద్రాసులో జరిగిన సంఘాల కలయిక వెనక కూడా నేను చెప్పిన రెండు గ్రీకు మాటలే ఉన్నాయి. సంఘాన్ని నడపాల్సింది ఎపిస్కొపొసా, ప్రెస్బుతెరొస్‌ల మండలా? ఆంగ్లికన్లది ఒక దారి, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలది వేరే దారి. 1919లో తరంగంబాడిలో మొదలైన చర్చలు 28 ఏళ్లు సాగాయి. వాటికి పెద్దదిక్కుగా నిలిచినవారు మన డోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన తమిళుడు ఆయన. 1945 జనవరి 1న కన్నుమూశారు, కలయిక చూడలేదు. కొత్త సంఘం తన సేవకులకు ప్రీస్ట్ అన్న పేరు తీసుకోలేదు, ప్రెస్బిటర్ అంది. టిండేల్ పోరాటం ఇంగ్లండులో తేలలేదుగాని మద్రాసులో కొంత తేలిందనుకుంటాను.

తెలుగు బైబిలు సంగతికి వస్తాను. వాడుకలో ఉన్న మన పాత అనువాదం ఎపిస్కొపొస్‌ను ఫిలిప్పీ దగ్గరా, ఎఫెసు దగ్గరా ఒకేలా అధ్యక్షుడు అంది. అధి అంటే మీద, అక్షం అంటే కన్ను. ఎపి-స్కొపొస్‌కు ఇంతకన్నా దగ్గరి మాట మరే భాషలోనైనా దొరకడం కష్టం. పైగా మన అధ్యక్షుడూ పని పేరుగానే పుట్టాడు. కౌటిల్యుడి అర్థశాస్త్రం రెండో అధికరణం పేరు అధ్యక్షప్రచారం. అందులో సాగు చూసేవాడు సీతాధ్యక్షుడు, నూలు చూసేవాడు సూత్రాధ్యక్షుడు, సుంకం చూసేవాడు శుల్కాధ్యక్షుడు. మన బైబిలు ప్రెస్బుతెరొస్‌ను పెద్ద అంది, హియెరెవుస్‌ను యాజకుడు అంది, రెంటినీ కలపలేదు. ఫిలిప్పీ మగవాళ్లు పరిచారకులు, ఫీబే పరిచారకురాలు. ఇంగ్లీషు దాచిన చోట తెలుగు దాచలేదు. ఆ అనువాదకుల కృషికి మన భాషా చరిత్రలో రావాల్సినంత గౌరవం ఇంకా రాలేదని నా ఫిర్యాదు. అపొస్తలుడు అన్న మాటను మాత్రం అలాగే ఉంచారు. గ్రీకు అపొస్తొలొస్, పంపబడినవాడు, దాదాపు అరగకుండా మన పల్లెల్లో వినబడుతోంది.

మన కతోలికుల మాటలు ఇంకో దారిన వచ్చాయి. బిషప్‌ను వాళ్లు పీఠాధిపతి అంటారు, కథెద్ర అచ్చంగా అందులో ఉంది. ఆయన పరిధి మేత్రాసనం. మాతృనగరం అనే అర్థమున్న మేత్రొపొలిస్ నుంచి మేత్రొపొలితేస్ అన్న గ్రీకు పదవి పేరు వచ్చింది. అది సిరియాక్ మీదుగా కేరళలో మెత్రాన్ అయింది, మేత్రాసనంలో నాకు వినిపించేది అదే. పారిష్‌ను విచారణ అంటారు. ఈ మాట ఎవరు పెట్టారోగాని, ఎపిస్కొపొస్ చేయాల్సిన పనంతా అందులో ఉంది. ఇవి కాక ఉపదేశి ఉన్నాడు, సంఘ పెద్ద ఉన్నాడు, అయ్యగారు, అమ్మగారు ఉన్నారు, మఠకన్యలు ఉన్నారు. ఒక్కొక్క మిషన్ ప్రాంతంలో ఒక్కొక్క వాడుక.

కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. ఊరూరా తిరిగి రైతు నోట విన్న మాటను విన్నట్టే రాసుకోవడం ఆ పని పద్ధతి. తర్వాత చేనేత వంతు వచ్చింది. మన చర్చిల్లో పనిచేసే మనుషుల మాటలకు అలాంటి కోశం కావాలి. డోర్నకల్, మెదక్, గుంటూరు, నెల్లూరు, కడప ప్రాంతాల్లో పాత ఉపదేశులు, సంఘ పెద్దలు, గుడి గంట కొట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల మాటలు పాస్టర్, బిషప్, మినిస్ట్రీ అన్న ఇంగ్లీషు కింద త్వరగా కలిసిపోతున్నాయి. ఈ సభలో ఉన్న పరిశోధక విద్యార్థుల్లో ఎవరైనా ఈ పని చేపడితే, నా దగ్గరున్న కాగితాలన్నీ ఇస్తాను. ఈ సంవత్సరమే మొదలుపెట్టండి.